టమాటా: నేలలోనా, కుండీలోనా?

నేల ఉంటే టమాటాను నేలలోనే నాటమంటాను. వేళ్లు లోతుకు దిగి తడి వెతుక్కుంటాయి. ఒకరోజు నీళ్లు పోయడం మరిచినా మొక్క తట్టుకుంటుంది.

కుండీలో ఆ వెసులుబాటు లేదు. 20 లీటర్ల మట్టి పట్టే కుండీ ఉంటే మంచిది, ఎండలు ముదిరితే రోజూ తడపాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తితే కాయ పగులుతుంది. కాయ అడుగున నల్లమచ్చ కనిపించగానే కాల్షియం లేదని టెన్షన్ పడి ఎరువు తెస్తాం. చాలాసార్లు లోపం మట్టిలో కాదు, తడి నిలకడగా లేకపోవడమే. వేలు రెండంగుళాలు మట్టిలో గుచ్చి చూడండి, పొడిగా తగిలితే నిండుగా పోయండి.

ఆకుకూరలకైతే కుండీయే హాయి. ఆరంగుళాల లోతు చాలు. వంటింటి గుమ్మం పక్కనే ఉంటే, పొయ్యి మీద గిన్నె ఉండగానే పిడికెడు ఆకు తుంచుకురావచ్చు. ఆ తాజా వాసన గిన్నెలోకి అలాగే దిగుతుంది.