జైల్లో హెరాయిన్ అలవాటుకి ఏ మందు మేలు: మెథడోనా, బ్యుప్రెనార్ఫినా, నాల్‌ట్రెక్సోనా?

లోపల సరుకు దొరకదు కదా, అదే మానేస్తాడులే అనేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ అసలు గండం గేటు దాటాకే. నెలల తరబడి వాడకపోయేసరికి ఒంటికి అలవాటు తప్పిపోతుంది, బయటికొచ్చి పాత డోసే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోద్ది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఖైదీల లెక్కలు 2007లో వచ్చాయి, రిలీజైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావు ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు! అందుకే ఒట్టి కౌన్సెలింగ్‌ని నేను పోటీలోకే తీసుకోవట్లేదు.

మెథడోన్ అంటే హెరాయిన్ బదులుగా ఇచ్చి దాని యావ తగ్గించే మందు, రోజూ నర్సు ఎదురుగా తాగాలి, బాగా ముదిరిన కేసులకీ పనిచేస్తుంది. చిక్కల్లా బయటికొచ్చాకే, అమెరికాలో ఈ అలవాటుకి దీన్ని లైసెన్సున్న క్లినిక్‌లోనే ఇస్తారు, శుక్రవారం సాయంత్రం వదిలేస్తే సోమవారం దాకా ఆ మనిషి ఏం చెయ్యాలి?

బ్యుప్రెనార్ఫిన్ కూడా అలాంటి బదులు మందే, నాలుక కింద పెట్టుకునే బిళ్ళ. డోస్ పెరిగినా ఊపిరి మీద దెబ్బ ఒక హద్దు దగ్గర ఆగుతుంది, నాకు నచ్చేది అదే. కాకపోతే కరగడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది, ఈలోపు దవడలో దాచి పక్కవాడికి అమ్మేస్తారని జైలువాళ్ల భయం, అందుకే నోరు తెరిపించి నాలుక ఎత్తించి మరీ చూస్తారు. నెలకోసారి చేసే ఇంజెక్షన్‌కి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది, దాంతో ఆ దొంగాట ఉండదు, ఖరీదు మాత్రం ఎక్కువ.

నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్ అంటే జైలు అధికారులకి ముద్దు, ఇది ఓపియాయిడ్ (హెరాయిన్ జాతి మందు) కాదు, హెరాయిన్ మత్తు ఎక్కకుండా అడ్డుకునేది కాబట్టి. 2016లో వచ్చిన ట్రయల్‌లో మళ్లీ వాడకంలో పడింది 43 శాతం, ఇది లేనివాళ్లలో 64. బానే ఉంది, కానీ పోల్చింది మిగతా రెండు మందులతో కాదు, కౌన్సెలింగ్‌తో. పైగా మొదలెట్టే ముందు వారం పది రోజులు ఏమీ వాడకుండా ఉండాలి, తర్వాతి ఇంజెక్షన్‌కి రాకపోతే మళ్లీ అదే ఓవర్‌డోస్ గండం.

అమెరికాలోనే రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో మూడూ ఖైదీల ముందు పెట్టింది, ఎక్కువమంది మొదటి రెండే తీసుకున్నారు. బయట క్లినిక్‌లతో ముందే మాట్లాడి పెట్టారు, ఏడాది తిరిగేసరికి కొత్తగా రిలీజైనవాళ్లలో ఓవర్‌డోస్ చావులు 61 శాతం తగ్గాయి. మన తిహార్‌లో కూడా 2008లోనే బ్యుప్రెనార్ఫిన్ మొదలైంది.

నన్నడిగితే మెథడోన్ మీద జైలుకొచ్చినవాడికి అదే కంటిన్యూ చెయ్యాలి, కొత్తవాడికైతే బ్యుప్రెనార్ఫిన్, డబ్బులుంటే రిలీజ్‌కి ముందు నెల ఇంజెక్షన్. ఏదిచ్చినా గేటు దగ్గరే చేతిలో నాలోక్సోన్ స్ప్రే (ఓవర్‌డోస్‌కి విరుగుడు), మర్నాటి క్లినిక్ అపాయింట్‌మెంట్ చీటీ పెట్టి పంపాలి.