ఎండాకాలంలో బంగారం వేట: తెల్లవారుజామా, రాత్రా?

"అన్నా, రాత్రి పోతే ఎట్లుంటది?"

డిసెంబరు వచ్చిందంటే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న మన పిల్లల నుంచి ఇదే ఫోన్. ఇక్కడ హన్మకొండలో సంక్రాంతి చలికి దుప్పటి తీయబుద్ధి కాదు, అక్కడేమో నడి ఎండాకాలం. సెలవులు దొరికేది కూడా అప్పుడే. క్రిస్మస్‌కో జనవరి 26 లాంగ్ వీకెండ్‌కో నేలలో బంగారం వెతికే మెటల్ డిటెక్టర్ కారులో వేసుకుని ఆరు వందల కిలోమీటర్లు, బంగారు గనుల ఊరు కాల్‌గూర్లీ దిక్కు బయలుదేరతారు. చలికాలం దాకా ఆగమంటే ఆగరు. ఆరేళ్లు అక్కడున్నప్పుడు నేనూ ఆగలేదు. రాత్రిళ్లూ తిరిగాను, తెల్లవారుజామునా తిరిగాను. అందరికీ ఫోన్లో చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను.

ముందు రాత్రి పక్షాన చెప్పాల్సింది చెప్తాను. జనవరిలో కాల్‌గూర్లీ పగటి ఎండ సగటున 33, 34 డిగ్రీలు. వడగాలి రోజుల్లో 40 దాటిపోతుంది. రాత్రికి సగటున 18 దాకా దిగుతుంది. పగలు కళ్లలో, ముక్కులో దూరే ఈగలు రాత్రి ఉండవు. గాలి పడిపోయాక హెడ్‌ఫోన్లో సన్నటి సిగ్నల్ కూడా స్పష్టంగా వినిపిస్తుంది. ఒంటికి సుఖం కావాలంటే రాత్రే. ఇందులో వాదన లేదు.

కానీ రాత్రి నేల కనిపించదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లెక్క ఇదే.

కాల్‌గూర్లీ పక్కనున్న కూల్‌గార్డీలో బంగారం బయటపడింది 1892లో, కాల్‌గూర్లీలో 1893లో. ఆ తర్వాత వచ్చిన జనం చేత్తో తవ్విన గోతులు ఆ నేలంతా ఉన్నాయి. చాలావాటికి కంచె లేదు, గుర్తు లేదు. చుట్టూ పొదలు పెరిగి, అంచుల కింద మట్టి జారిపోయి ఉంటుంది. ఒక రాత్రి కాల్‌గూర్లీకి ఉత్తరాన మెంజీస్ దగ్గర ముల్గా చెట్ల మధ్య డిటెక్టర్ ఊపుకుంటూ పోతున్నాను. తలకు కట్టుకున్న లైటు నా ముందు రెండు మూడు మీటర్ల నేలనే చూపిస్తుంది. చూపంతా కాయిల్ (డిటెక్టర్ కింది కొసన, నేలకు ఆనించి ఊపే పళ్లెం) మీద, చెవులు సిగ్నల్ మీద. ఎదురుగా నల్లటి మచ్చ కనిపించింది. పొద నీడ అనుకున్నాను. కానీ నేను తల తిప్పినా ఆ నీడ కదల్లేదు. అక్కడే ఆగి ఒక రాయి విసిరాను. రాయి పడిన చప్పుడు వెంటనే రాలేదు. కాసేపటికి కింద ఎక్కడో నుంచి వచ్చింది. వచ్చిన అడుగుల మీదే వెనక్కి నడిచి, కారెక్కి, తెల్లారేదాకా తలుపు తీయలేదు. మళ్లీ రాత్రి పోలేదు.

పాముల సంగతీ ఉంది. వేడి రాత్రుల్లో గ్వార్డర్, ముల్గా పాములు బయట తిరుగుతాయి, రెండూ విషం పాములే. లైటు వెలుగులో అవి మనకు ఆలస్యంగా కనిపిస్తాయి.

ఇక తెల్లవారుజాము. జనవరిలో అక్కడ ఐదింటికి కాస్త అటూ ఇటూగా సూర్యోదయం. దానికి అరగంట ముందే దారి కనిపిస్తుంది. ఏటవాలుగా పడే ఆ వెలుతురుకు నేల మీది ప్రతి గడ్డా నీడ వేస్తుంది. తెల్లటి క్వార్ట్జ్ రాళ్లు ఎక్కడ చెదిరి ఉన్నాయో, ఇనుప రాయి ఎక్కడ నల్లగా తేలిందో, నీళ్లు లేక మట్టిని గాలికి తూర్పారబట్టిన పాతకాలం వాళ్ల కుప్పలు ఎక్కడున్నాయో అప్పుడు తెలిసినంతగా నడి పొద్దున తెలియదు, రాత్రి అసలే తెలియదు. బంగారం చూపించేది డిటెక్టరే అయినా, ఎక్కడ ఊపాలో చెప్పేది నేల.

నాకు దొరికిన మొదటి ముక్క అట్లాంటి ఒక కుప్ప అంచున, ఆరు గంటల వేళ. సన్నగా, తేనెటీగ దూరాన పోయినట్టు ఒక మోత. చిన్న పికాసితో రెండు అంగుళాలు గీకాను. మోత పెరిగింది. ఎర్రమట్టిని ప్లాస్టిక్ స్కూప్‌లోకి తీసి కాయిల్ మీద ఊపితే మోగింది. సగం మట్టి అరచేతిలో పోసుకుని మిగిలిన సగం ఊపాను, మోగలేదు. అంటే చేతిలో ఉన్నట్టే. అట్లా సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోతే చివరికి చిటికెడు మట్టిలో మినపగింజంత ముక్క. అర గ్రాము, అంటే తులంలో ఇరవయ్యో వంతు. అంతకుముందు ఇదే పని చేసి ఎన్ని తుప్పు మేకులు ఏరానో!

అయితే తెల్లవారుజాముకు ఒక షరతుంది. తొమ్మిదిన్నరకు ఆపేయాలి. మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. "రామగుండం ఎండలు చూసినోళ్లం, ఇదెంత" అంటారు. మన దగ్గర మే నెలలో ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు కూడా ఎండ ముదరకముందే ఇంటి ముఖం పడతారు. దారిలో వేపచెట్టు ఉంటుంది, ఎవరింటి ముందైనా నిలబడితే చెంబెడు నీళ్లిస్తారు. అక్కడ నీడంటే మీ కారు, నీళ్లంటే మీరు మోసుకుపోయినవే. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట ఒంటి మీదే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి చెమట పోవడం లేదనుకుంటాం. టోపీ అంచున తెల్లటి ఉప్పు చార చూశాక గానీ తెలియదు. దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకోసారి గ్లాసెడు నీళ్లు తాగండి, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోండి. మనిషికి రోజుకు పది లీటర్లు కారులో ఉండాలి. తల తిరిగినా, మాట తడబడినా అది వడదెబ్బ మొదలు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరాలి. కారు చెడిపోతే దాన్ని వదిలి నడవొద్దు.

ఏ మిషన్ మేలని కూడా అడుగుతారు. డిటెక్టర్లలో రెండు రకాలు చెప్తారు. ఆ ఇనుప మట్టిలో వీఎల్ఎఫ్ అనే మామూలు రకం మిషన్లు ఊరికే అరుస్తాయి, పల్స్ ఇండక్షన్ అనే రకం తట్టుకుంటుంది. ఆ రెండో రకంలో మైన్‌ల్యాబ్ కంపెనీ జీపీఎక్స్ 6000 బరువు 2.1 కిలోలు, వేడిలో చెయ్యి తొందరగా లాగదు. ధర ఎక్కువ కాబట్టి మొదటిసారికి అద్దెకు తీసుకోండి. ఎండలో మూసిన కారులో మాత్రం వదలొద్దు.

సాయంత్రం ఐదు నుంచి ఏడు పర్వాలేదు గానీ, వేసవిలో ఆ వేళకు ఉరుములు పట్టుకుంటే దూరపు మెరుపులు కూడా హెడ్‌ఫోన్లో చిటపటలాడతాయి. చీకటి పడ్డాక తిరుగు దారిలో కంగారూలు అడ్డం వస్తాయి. మధ్యాహ్నం గురించి అడగొద్దు.

మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం) లేకుండా ఏ వేళైనా పోవద్దు. వేరేవాళ్లకు ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్సు, అంటే ఖనిజాలు అన్వేషించే హక్కు, ఉన్న నేలైతే విడిగా పర్మిట్ కావాలి.

ఈ 26కు మా చిన్నాయన కొడుకు ఇద్దరు ఫ్రెండ్స్‌తో మెంజీస్‌కు ఇంకా ఉత్తరాన ఉన్న లియొనోరా వైపు పోతున్నాడు. రాత్రి పోనని నాకు మాటిచ్చాడు. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ తీసుకున్నాడు. తొమ్మిదిన్నరకు కారు దగ్గరికి రాగానే మెసేజ్ పెట్టాలి. మన టైముకు అది పొద్దున ఏడు. ఆ మూడు రోజులూ ఏడింటికి మెసేజ్ చూశాకే నేను చాయ్ తాగేది.