ఎల్గందులా, రామగిరి ఖిల్లానా: అందరి మోకాళ్ళూ ఒకటి కాని మిత్రబృందానికి ఏ కోట?

హనుమకొండ నుంచి బయలుదేరి ఒక రాత్రి బసతో చూసి రాదగిన కొండకోటలంటే ఉత్తర తెలంగాణలో రెండు పేర్లు ముందుగా వినిపిస్తాయి. ఒకటి కరీంనగర్ పక్కన సిరిసిల్ల వైపు వెళ్ళే దారిలో మానేరు ఒడ్డున ఉన్న ఎల్గందుల. రెండోది పెద్దపల్లి నుంచి మంథనికి పోయే దారిలో బేగంపేట దగ్గర అడవి మధ్యన ఉన్న రామగిరి ఖిల్లా. ఏది గొప్ప కోట అని అడిగితే వాదన ఎంతసేపైనా సాగుతుంది. మాకు కావలసిన జవాబు అది కాదు. ఎనిమిది మందిమి ఏబై దాటినవాళ్ళం, డిగ్రీ కాలం నాటి స్నేహితులం కలిసి వెళ్ళినప్పుడు ఎవరూ కింద వాహనంలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండిపోకుండా ఉండాలంటే ఏ కోటకు వెళ్ళాలన్నదే మా మధ్య నడిచిన చర్చ.

మా వాళ్ళలో ఒకరు ఏటా హిమాలయాల్లో నడిచి వచ్చే మనిషి, ఆయనకు ఏ గుట్టా గుట్టలా కనిపించదు. ముగ్గురికి ఉదయపు నడక అలవాటు ఉంది గానీ అది చదును నేల మీది నడక. ఒకరికి మోకాలి చిప్ప అరిగిందని డాక్టరు చెప్పి ఉన్నారు. ఇంకొకరికి షుగరు, వేళకు తినకపోతే చెమటలు పడతాయి. ఒకాయనకు ఆరోగ్యం నిక్షేపంగా ఉంది గానీ అంచు దగ్గర నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఇటువంటి బృందానికి చోటు ఎంచుకునేటప్పుడు కొండ ఎత్తు, నడక దూరం చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రెండు కోటలూ చూసి వచ్చాక నాకు తోచినది వేరు. ఆగిపోవాలనుకున్న మనిషి ఎక్కడ ఆగగలడు, ఆగిన చోట అతనికి చూడడానికి ఏముంది, అక్కడి నుంచి ఒంటరిగా కిందికి రాగలడా, ముందుకు వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు అదే దారిన అతన్ని కలుస్తారా అన్నవే అసలు చూసుకోవలసినవి.

ఈ లెక్కన ఎల్గందుల మంచి మార్కులు తెచ్చుకుంటుంది. కాకతీయుల నుంచి బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీల దాకా చేతులు మారిన కోట ఇది, నిజాం కాలంలో 1905 వరకు జిల్లా కేంద్రం కూడా ఇక్కడే ఉండేది. అందువల్ల కట్టడాలన్నీ కొండ నెత్తి మీదే పోగుపడలేదు. కింద కందకం, ద్వారాలు, బురుజులు ఉన్నాయి. కాస్త పైకి వెళితే గోడల మధ్య విశాలమైన చదును తగులుతుంది, ఆపైన మెట్లు. గుట్ట పైన గుడి, మసీదు రెండూ ఉన్నాయి. కోటతో పాటు తప్పక చూడవలసినది 1754లో జఫరుద్దౌలా కట్టించిన దో మినార్ అనే జంట మినార్ల కట్టడం, దాని మినార్లను ఊపితే కదులుతాయని ప్రసిద్ధి. మోకాలి నొప్పి ఉన్న మా మిత్రుడు మెట్ల దారి సగం దాకా వచ్చి, బురుజు నీడలో ఒక రాతి మీద కూర్చుని, ‘మీరు పోయి రాండ్రి అన్నా, నాకు ఇక్కడి నుంచే మానేరు కనబడుతోంది’ అన్నాడు. పైకి వెళ్ళిన మేము కిందికి చూస్తే ఆయన తెల్ల టోపీ కనిపిస్తూనే ఉంది, కేకేస్తే పలుకుతున్నాడు కూడా. ఒకరు ఆగిపోయినా బృందం విడిపోలేదన్నమాట.

ఎక్కేటప్పుడు పరీక్ష ఊపిరికి, దిగేటప్పుడు మోకాలికి. ఎల్గందుల మెట్లు అన్నీ ఒకే ఎత్తులో లేవు. కొన్ని జానెడు, కొన్ని దాదాపు మోకాలి ఎత్తు, కొన్నిచోట్ల అడుగులు పడి పడి రాయి నున్నగా మెరుస్తూ ఉంటుంది. మా మిత్రుడు దిగేటప్పుడు ముందుకు తిరిగి దిగలేదు. పక్కకు తిరిగి, ఊతకర్రను కింది మెట్టు మీద ఆనించి, నొప్పి ఉన్న కాలిని ముందు దించి, రెండో కాలిని దాని పక్కకు చేర్చుకుని, మళ్ళీ కర్ర దించుతూ వచ్చాడు. ఈ పద్ధతి ఆయనకు ఫిజియోథెరపీలో నేర్పించారట. అలా దిగే మనిషి వెనుక ‘తొందరగా రా’ అనేవాళ్ళు ఉండకూడదు. కాబట్టి మాలో నెమ్మదైన ఒకరిని ఆయనకు తోడు పెట్టి మిగిలినవాళ్ళం ముందే దిగిపోయాం.

ఎల్గందులకు ఉన్న లోటు నీడ లేకపోవడం. పొద్దెక్కే కొద్దీ రాయి పెనంలా కాలుతుంది, కరీంనగర్, రామగుండం ప్రాంతపు ఎండల సంగతి ఈ జిల్లాల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేసవిలో అయితే తెల్లవారుజామునే అక్కడికి చేరి, తొమ్మిది గంటలకల్లా దిగిపోవాలి. నీళ్ళు, మజ్జిగ మన వెంటే ఉండాలి, పైన ఏదో దొరుకుతుందిలే అనుకుని ఎక్కవద్దు. అంచుల దగ్గర చాలాచోట్ల కమ్మీలు లేవు, అందుకే ఎత్తు భయం ఉన్న మిత్రుడు గోడవారగానే నడిచి పైదాకా వచ్చాడు గానీ బురుజు మీదికి మాత్రం ఎక్కలేదు.

రామగిరి ఖిల్లా సంగతి పూర్తిగా వేరు. నిజం చెప్పాలంటే నా మనసు గెలుచుకున్నది అదే. శ్రావణ మాసంలో ఆ గుట్ట పచ్చదనం చూసినవారికి ఎల్గందుల వట్టి రాళ్ళ గుట్టలా అనిపిస్తుంది. ఔషధ మొక్కలకు రామగిరి పేరు పొందింది, వాటి కోసం వైద్యులు, వృక్షశాస్త్ర విద్యార్థులు ఇక్కడికి వస్తుంటారు. చెట్ల నడుమ నుంచి ఉన్నట్టుండి ఒక కోట ద్వారం ఎదురవుతుంది, దాన్ని దాటి మరికొంత అడవిలో నడిస్తే ఇంకో ప్రాకారం, దారిలో నీటి కొలనులు, పైన రాముల వారి గుడి. రాముడు వనవాస కాలంలో ఇక్కడ బస చేశాడని జనం నమ్మకం, అందుకే శ్రావణంలో చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కుటుంబాలతో సహా ఎక్కుతారు. ముసలమ్మలు చెప్పుల్లేకుండా ఎక్కిపోవడం చూసి మా నడక మిత్రులు కాస్త చిన్నబుచ్చుకున్న మాట వాస్తవం.

అయితే అది పూట పని. దారిలో ఎక్కువ భాగం మెట్లు లేవు, అడవి బాట, వాన పడితే జారుడు రాళ్ళు. సగం దూరం వెళ్ళాక ఒకరికి ఆయాసం వస్తే అక్కడ ఆగి చూడడానికి చెట్లు తప్ప ఏమీ కనిపించవు, ముందుకు పోయినవాళ్ళు రెండు మలుపులకే కనుమరుగవుతారు. ఆగినవాళ్ళను ఒంటరిగా కిందికి పంపడానికి లేదు, చీలిన బాటల్లో తప్పిపోయే అవకాశం ఉంది, గడ్డి ఎదిగిన రోజుల్లో పాముల భయం సరేసరి, ఫోన్ సిగ్నలు మాకు అన్నిచోట్లా అందలేదు. అంటే ఒకరు ఆగితే ఇద్దరు ఆగాలి, లేదా అందరూ తిరిగిపోవాలి. షుగరు ఉన్న మిత్రుడికి అన్నం వేళ దాటే పరిస్థితి కూడా ఇక్కడే వస్తుంది. పర్వతాలు ఎక్కే మా మిత్రుడు ‘అందరం నెమ్మదిగా పోదాం, ఏమవుతుంది’ అని పట్టుబట్టాడు గానీ, ఎనిమిది మంది నడక అందరిలోకీ నిదానంగా నడిచే మనిషి నడకే అయినప్పుడు పైకి చేరేసరికే మధ్యాహ్నం అవుతుందనీ, దిగేటప్పుడు అడవిలో పొద్దు వాలుతుందనీ లెక్క కట్టి చూపిస్తే ఒప్పుకున్నాడు. బేగంపేటలో దారి తెలిసిన స్థానికుడిని వెంట తీసుకెళ్ళడం ఎవరికైనా మంచిది. అతనికి ఇచ్చే మొత్తాన్ని ఎక్కకముందే మాట్లాడుకోవాలి.

అసలు గుట్టే ఎక్కలేని వారుంటే ఈ రెండూ వదిలేసి జగిత్యాల కోటకు వెళ్ళవచ్చు. 1747లో నక్షత్రాకారంలో కట్టిన ఆ కోట నేల మీదే ఉంది. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట బౌద్ధ స్తూపం దగ్గర కూడా ఎక్కడం అంటూ పెద్దగా ఏమీ లేదు, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి శాతవాహనుల కాలపు ఆ దిబ్బ చాలు.

బస విషయంలో కరీంనగర్‌కే నా ఓటు. హనుమకొండ నుంచి హుజూరాబాద్, మానకొండూరు మీదుగా రెండు గంటలకు అటూ ఇటూగా చేరవచ్చు, బస్సులకు కొదువ లేదు, రాత్రి ఏ వేళకైనా తిండి దొరుకుతుంది, ఆస్పత్రులున్నాయి. సాయంత్రం దిగువ మానేరు ఆనకట్ట మీద నడక మోకాళ్ళు బాగాలేని వారికి కూడా హాయిగా ఉంటుంది. ఆడవాళ్ళు వెంట వస్తే వెండి తీగ పని దుకాణాల్లో గంట గడిచిపోతుందని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది. మేము దిగిన లాడ్జిలో మాత్రం ఒక ఇబ్బంది ఎదురైంది. కింది అంతస్తులో గది కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పినా రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు మీద ‘మరమ్మతు’ అన్న కాగితం వేలాడుతోంది. అరగంట వాదన తర్వాత మేనేజరు తన సామాన్లు పెట్టుకున్న కింది గదిని ఖాళీ చేయించి ఇచ్చాడు. గది నెంబరుతో సహా వాట్సాప్‌లో రాయించుకుంటే ఈ తంటా ఉండదు. బాత్రూము కమోడా, నేల మరుగుదొడ్డా అన్నది కూడా మొహమాటం లేకుండా అడగవలసిందే. మోకాలి మనిషికి కోట మెట్ల కన్నా అదే పెద్ద సమస్య.

వాహనం విషయంలో టెంపో ట్రావెలర్ ఒకటి మాట్లాడుకున్నాం. ఎక్కే మెట్టు ఎత్తు తక్కువగా ఉన్న బండి చూసుకోవాలి. బత్తా, వెయిటింగ్ ముందే తేల్చుకోకపోతే రామగిరి వంటి చోట రోజంతా ఆగినందుకు డ్రైవరు అడిగేది న్యాయమా కాదా అని కిందికి దిగాక తగువు పెట్టుకోవలసి వస్తుంది. తిండికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, సకినాలు, ఉడకబెట్టిన పెసర్లు సరిపోయాయి. షుగరు మిత్రుడి సంచి మాత్రం వేరేగా, ఆయన భుజానే ఉండేటట్టు చూశాం, ఎందుకంటే మోసేవాడు ముందుకు పోయి తినవలసినవాడు వెనుక మిగిలిపోతే ఆ సంచి ఉండీ లాభం లేదు.

కాబట్టి అందరం కలిసి వెళ్ళేటప్పుడు ఎల్గందులకే వెళ్ళాలని తీర్మానించుకున్నాం, అదీ వానలు వెనుకబట్టి మానేరులో నీళ్ళు నిండుగా ఉన్న కార్తీకం నుంచి మాఘం వరకు. రామగిరిని వదులుకోలేదు. వచ్చే శ్రావణంలో ఎక్కగలిగిన నలుగురూ వేకువనే బేగంపేటలో దిగిపోతారు, మిగిలిన నలుగురినీ అదే బండి మంథనికి తీసుకెళుతుంది. అక్కడ గోదావరి ఒడ్డున గౌతమేశ్వరాలయం దర్శనం, ఊళ్ళోని పాత గుడులు, భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మూడు గంటలకు బండి మళ్ళీ గుట్ట కిందికి రావాలి. ఆ వేళకు దిగిరాని వారి కోసం చీకటి పడే దాకా ఆగడానికి అయ్యే వెయిటింగ్ డబ్బులు ఎక్కినవాళ్ళే ఇచ్చుకోవాలన్న షరతు మీద మాత్రం ఇంకా మాట తెగలేదు.