ఫార్ములా రాయడానికి ఏది మేలు: క్రిస్-క్రాసా, ఆవేశాల లెక్కా?

అల్యూమినియం ఆక్సైడ్ ఫార్ములా రాయమంటే చాలామంది అల్యూమినియం సంయోజకత (ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యాన్ని చెప్పే అంకె) 3, ఆక్సిజన్‌ది 2 అని రాసుకుని, ఆ అంకెలను అటూ ఇటూ మార్చేస్తారు. ఏఎల్₂ఓ₃ వచ్చేస్తుంది. ఇదే క్రిస్-క్రాస్. పరీక్ష హాల్లో టెన్షన్‌గా ఉన్నప్పుడు ఇంతకంటే చురుకైన దారి లేదు.

ఆవేశాల లెక్కలో అంకెలు మార్చే పని ఉండదు. అల్యూమినియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువునో, పరమాణువుల గుంపునో అయాన్ అంటారు) మీద +3, ఆక్సైడ్ అయాన్ మీద -2. మొత్తం సున్నా కావాలి. రెండు అల్యూమినియంలకు +6, మూడు ఆక్సైడ్‌లకు -6, సరిపోయింది. కాస్త నెమ్మది, అంతే.

అయినా నేను దీనివైపే. కారణం మెగ్నీషియం ఆక్సైడ్ దగ్గర బయటపడుతుంది. రెండింటి సంయోజకతా 2 కాబట్టి క్రిస్-క్రాస్‌లో ఎంజీ₂ఓ₂ వస్తుంది. అప్పుడు ‘2తో కొట్టేయండి’ అని ఇంకో నియమం చెప్పాలి. ఆ నియమం నేర్చుకున్న పిల్లలు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, అంటే హెచ్₂ఓ₂ను కూడా హెచ్‌ఓ చేసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎక్కడ కొట్టేయకూడదో ఎవరూ చెప్పలేదు మరి! పెరాక్సైడ్‌లో రెండు హైడ్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసి నిజంగానే ఒక అణువుగా ఉంటాయి. మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికంలో విడి అణువంటూ లేదు. లెక్కలేనన్ని అయాన్లు వరుసగా పేర్చినట్టు ఉంటాయి, ఫార్ములా వాటి నిష్పత్తిని మాత్రమే చెబుతుంది. ఆవేశాలు లెక్కపెట్టేవారికి ఒక +2కి ఒక -2 చాలు, ఎంజీఓ నేరుగా వస్తుంది.

బ్రాకెట్ల గొడవ కూడా తగ్గుతుంది. కాల్షియం +2, హైడ్రాక్సైడ్ -1. హైడ్రాక్సైడ్ మొత్తం ఒకే అయాన్, అలాంటివి రెండు కావాలి, కాబట్టి సీఏ(ఓహెచ్)₂. బ్రాకెట్ తీసేస్తే ఒక ఆక్సిజన్ మాయమవుతుంది.

బట్టీ కొంత తప్పదు. సల్ఫేట్ -2, నైట్రేట్ -1, అమ్మోనియం +1 లాంటివి నోటికి రావాల్సిందే. ఇనుముకైతే +2, +3 రెండూ ఉంటాయి, పేరులో ఇచ్చిన రోమన్ అంకె చూసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డైఆక్సైడ్‌ల దగ్గర మాత్రం రెండు పద్ధతులనూ పక్కన పెట్టండి. అక్కడ అయాన్లే లేవు. ‘మోనో’ అంటే ఒకటి, ‘డై’ అంటే రెండు: సీఓ, సీఓ₂ అని పేరు చూసి రాసేయొచ్చు.