ఫ్రీబీఎండీ: ఇంగ్లండ్ పల్లెలో పూర్వీకుల జాడకు మంచి దారి

అమ్మమ్మ చెప్పిన పల్లె కబుర్లలోని మనుషులెవరో తేల్చుకోవాలంటే ముందు తెరవాల్సింది ఈ సైటే. పైకం కట్టక్కర్లేదు. 1837 జూలై నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో నమోదైన జనన, వివాహ, మరణ సూచికలను వాలంటీర్లు ఓపిగ్గా ఎక్కించారు.

చాలామంది పొరబడేది ఊరి పేరు దగ్గర. ఇక్కడ ఉండేది రిజిస్ట్రేషన్ జిల్లా, అంటే చుట్టుపక్కల ఊళ్ల నమోదులన్నీ చేరే ప్రాంతం పేరు: సఫోక్ కౌంటీలోని లావెన్‌హామ్‌లో పాతకాలంలో పుట్టినవాళ్లు కాస్‌ఫర్డ్ కింద దొరుకుతారు. పుట్టిన తేదీకి బదులు నమోదైన త్రైమాసికం కనిపిస్తుంది. నమోదుకు 42 రోజుల గడువుంది కనుక జూన్ బిడ్డ సెప్టెంబర్ వరసలో (అంటే జూలై–సెప్టెంబర్ త్రైమాసికంలో) తేలడం మామూలే, ఆ పక్క త్రైమాసికం కూడా వెతకండి.

తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబర్ త్రైమాసికం నుంచే ఉంది. అక్కణ్ణుంచి తోబుట్టువులను ఒకచోట చేర్చడం ఎంత హాయో! అంతకుముందు జననాలకు ప్రభుత్వ నమోదు కార్యాలయమైన జనరల్ రిజిస్టర్ ఆఫీస్ ఆన్‌లైన్ సూచిక మేలు, అందులో పాతవాటికీ ఆ పేరుంటుంది.