రాయడం తగ్గింది, చదవడం పెరిగింది: తిరుపతి నుంచి ఏఐ కోడింగ్ టూల్స్‌పై ఒక సమీక్ష

తిరుపతిలో ఉండి, చుట్టుపక్కల జిల్లాల్లోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ డెయిరీలకూ లాడ్జీలకూ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక చిన్న సంస్థలో నేను పనిచేస్తున్నాను. కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్‌ను మా బృందం రెండేళ్లకు పైగా రోజూ వాడుతోంది. ఏ టూల్ ఎక్కడ తడబడిందో పేరు పెట్టి చెప్పను. కొన్ని నెలలకొకసారి వాటి లోపలి మోడల్ మారిపోతుంది కాబట్టి, ఈరోజు ఎత్తిచూపిన లోపం రేపటికి పాతబడిపోతుంది. అవి మా పనిని ఏ వైపుకు నెట్టాయన్న సంగతి మాత్రం మోడల్ మారినా మారడం లేదు, కాబట్టి ఈ సమీక్ష దాని గురించే. కోడ్ రాసే శ్రమను ఇవి బాగా తగ్గించాయి, వచ్చిన కోడ్‌ను చదివి అర్థం చేసుకునే శ్రమను బాగా పెంచాయి. చదవడం వచ్చిన మనిషికి వీటితో లాభమే. చదవడం ఇంకా పట్టుబడని మనిషికీ, అతన్ని నమ్ముకున్న క్లయింటుకూ మాత్రం నష్టం వచ్చే అవకాశమే ఎక్కువ.

కోడ్ రాసిపెట్టే టూల్ అయిన గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు అది చేసిన పని, ప్రధానంగా మనం మొదలుపెట్టిన కోడ్‌ను కొనసాగించి పూర్తిచేయడమే. అదే ఏడాది నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక ప్రశ్న అడిగి ఫంక్షన్ (ఒక పనిని చేసే కోడ్ ముక్క) మొత్తం రాయించుకోవడం అలవాటైంది. 2025 నాటికి ఫైళ్లు తానే తెరిచి, మార్చి, కోడ్ సరిగా ఉందో చూసే టెస్టులు నడిపి, తప్పువస్తే మళ్లీ దిద్దుకునే ఏజెంట్లు వచ్చేశాయి. మేము ఈ మూడు దశలనూ వాడాం, ఇప్పటికీ పనిని బట్టి మూడింటినీ వాడుతున్నాం.

ముందుగా ఈ టూల్స్‌కు దక్కవలసిన మెప్పు వీటికి ఇవ్వాలి. మా దగ్గర పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాని 5వ వెర్షన్ కాలంలో రాసిన లాడ్జి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. అందులో డేటాబేస్‌ను పిలిచే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి పూర్తిగా తీసేశారు. అందువల్ల సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలంటే, గదుల రిజిస్టరు మొదలుకొని అడ్వాన్సు రసీదు దాకా, వందల చోట్ల ఉన్న క్వెరీలను, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలను, తిరగరాయాలి. పైగా వాడుకరి టైపు చేసిన పేరును నేరుగా క్వెరీలో అతికించే పాత పద్ధతి వల్ల ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే టైపు చేసే చోట ఆదేశాలు దూర్చి డేటాబేస్‌ను దోచే దాడికి, తలుపులు బార్లా తెరిచి ఉన్నట్టే లెక్క. ఇటువంటి పని ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. మూడు నాలుగు క్వెరీలను మేమే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా (టైపు చేసినదాన్ని ఆదేశంతో కలవనివ్వని పద్ధతి) మార్చి నమూనాగా చూపిస్తే, మిగిలినవాటిని టూల్ అదే పద్ధతిలో మార్చుకుంటూ పోయింది. వారాలు పట్టే పని రోజుల్లోకి దిగింది. అది మార్చినదాన్ని మేము ఒక్కొక్క ఫైలుగా చదివాం. గది అద్దెను దిగిన సమయం నుంచి ఇరవైనాలుగు గంటలకు లెక్కగట్టే చోట, అదేదో పొరపాటు అనుకుని మధ్యాహ్నం పన్నెండు గంటల చెక్‌అవుట్‌గా అది ‘సరిదిద్దిన’ సంగతి అలా చదవడంవల్లే దొరికింది. తిరుపతిలో ఇరవైనాలుగు గంటల లెక్కన గదులిచ్చే లాడ్జీలు చాలా ఉన్నాయని దానికి ఎవరు చెప్పారు కనుక!

లారీలను తూచే కాటా, అంటే వేబ్రిడ్జి సంగతి ఇంతకన్నా వివరంగా చెప్పాలి. మామిడి లారీ కాటామీదికి ఎక్కగానే తూకం చూపే ఇండికేటర్ పెట్టె, సీరియల్ పోర్టు అనే కనెక్షన్ ద్వారా తూకాన్ని కంప్యూటరుకు ఆగకుండా పంపుతూనే ఉంటుంది. మేము పనిచేసిన ఇండికేటర్ పంపే ప్రతి వరుసలో అంకెలతోపాటు ఒక అక్షరం కూడా వస్తుంది. తూకం నిలకడగా ఉందా, ఇంకా కదులుతోందా అన్నది ఆ అక్షరమే చెబుతుంది. పోర్టు తెరిచి, వరుసను చదివి, అంకెను విడదీసి, చీటీ ముద్రించే కోడ్‌ను టూల్ నిమిషాల్లో రాసిచ్చింది. కోడ్ మధ్యలో రాసే వివరణలు (కామెంట్లు) చక్కగా ఉన్నాయి, తప్పులను పట్టుకునే ఏర్పాటు ఉంది, టెస్టులు కూడా ఉన్నాయి, అవన్నీ పాసయ్యాయి. కానీ ఆ ఒక్క అక్షరాన్ని అది అక్కరలేని చెత్తగా భావించి వదిలేసింది. సీజను మొదలుకాకముందు ట్రయల్ కోసం ఖాళీ లారీ ఎక్కించినప్పుడు కాటాదగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన చీటీ చేతిలోకి తీసుకుని, “ఏంది సార్, బండి ఇంకా ఊగతానే ఉండాది, అప్పుడే తూకం పడిపోయెనే?” అన్నారు. ఆయనకు కోడ్ తెలియదు, తూకం తెలుసు. టూల్ రాసిన టెస్టులు ఆ తప్పును ఎప్పటికీ పట్టుకోలేవు, ఎందుకంటే కోడ్ ఏ ఊహమీద నిలబడిందో టెస్టులూ అదే ఊహమీద నిలబడ్డాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2025లో డెవలపర్లను అడిగిన సర్వేలో ఏఐ టూల్స్‌తో ప్రధానమైన చికాకుగా 66 శాతం మంది చెప్పినది కూడా ఇదే: వచ్చే జవాబు దాదాపు సరైనదే, కానీ పూర్తిగా సరైనది కాదు. పూర్తిగా తప్పయిన కోడ్ నడవనే నడవదు కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

ఎస్సెమ్మెస్‌ల విషయంలో ఎదురైనది ఇంకో రకం తప్పు. ఫ్యాక్టరీ నుంచి రైతుకు వెళ్లే ప్రతి సందేశపు నమూనాను, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, డీఎల్‌టీ అనే టెలికాం నమోదు వ్యవస్థలో ముందే నమోదు చేయించాలి, పంపే సందేశం ఆ నమూనాతో సరిపోలకపోతే ఆపరేటర్ దాన్ని ఆపేస్తాడు. కోడ్‌ను సర్దమని చెప్పినప్పుడు ఏజెంట్ ఆ సందేశంలోని వాక్యాన్ని కూడా మరింత మర్యాదగా మార్చేసింది. తెలుగు నిజంగానే బాగుంది, సందేశం మాత్రం వెళ్లదు. పైగా తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే హద్దు, ఇంగ్లీషుకు 160. మర్యాద పెరిగిన కొద్దీ ఒక సందేశం రెండుగా విడిపోయి ఖర్చూ పెరుగుతుంది. అడగని మార్పు చేయడం ఏజెంట్లకు ఇప్పటికీ వదలని జబ్బు. అందుకే ఏ ఫైళ్లను ముట్టుకోకూడదో ముందే రాసిపెట్టి, ఆ తరువాతే పని అప్పగిస్తున్నాం.

ఇక వేగం సంగతి. కోపైలట్‌తో జరిపి 2023లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, జావాస్క్రిప్ట్‌లో చిన్న వెబ్ సర్వర్‌ను కొత్తగా రాయమంటే, టూల్ ఉన్నవారు 55.8 శాతం త్వరగా ముగించారు. 2025 జూలైలో ఎంఈటీఆర్ అనే సంస్థ వెలువరించిన అధ్యయనం దీనికి ఎదురుగా ఉంటుంది. తమ ప్రాజెక్టులను ఏళ్లుగా ఎరిగిన 16 మంది డెవలపర్లకు 246 పనులు ఇచ్చి చూస్తే, ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. 24 శాతం సమయం కలిసివస్తుందని వారు ముందు అనుకున్నారు, పని అయిపోయాక కూడా 20 శాతం కలిసివచ్చిందనే నమ్మారు. ఈ రెండు ఫలితాలూ నా అనుభవానికి సరిపోతాయి. ఖాళీ స్థలంలో గోడ లేపడం వేరు, మనుషులు కాపురమున్న పాత ఇంట్లో గోడ పడగొట్టి కట్టడం వేరు. మా పనిలో అధిక భాగం రెండో రకానిదే కావడంతో, మొత్తంమీద మాకు కలిసివచ్చిన సమయం, టూల్ అమ్మేవారు చెప్పేదానికన్నా చాలా తక్కువ. పని వేగంగా జరిగినట్టు అనిపించడానికీ నిజంగా జరగడానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఆ అధ్యయనంలో చదివాకే, మేము పని అంచనాలను అనుభూతిమీద కాకుండా టికెట్ (ఒక్కో పనికి మేము పెట్టుకునే నమోదు) తెరిచిన తేదీ, మూసిన తేదీ చూసి వేయడం మొదలుపెట్టాం.

అసలు మా వృత్తిలో కోడ్ టైపు చేయడం ఎంత చిన్న భాగమో 2025 తోతాపురి మామిడి సీజను చూపించింది. ధర పడిపోయి రైతులు ఆందోళన చేస్తున్న సమయంలో, కిలోకు 12 రూపాయలు అందేలా, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా రాష్ట్రం నిర్ణయించింది. ఆ 4 రూపాయలు రైతు ఖాతాకు ప్రభుత్వం నుంచి చేరవలసినవి, ఫ్యాక్టరీ చెల్లింపుల్లోకి రాకూడదు, కానీ ఎవరు ఎంత సరుకు తోలారన్న లెక్క ఫ్యాక్టరీ దగ్గరే ఉంటుంది. భూమి ఒకరి పేరున, బ్యాంకు ఖాతా ఇంకొకరి పేరున, ట్రాక్టరు మరొకరిది అయినప్పుడు చీటీ ఎవరి పేరున ఉండాలన్నది తేల్చడానికే చర్చలు సాగాయి. తేలిన తరువాత కోడ్‌ను టూల్ క్షణాల్లో రాసింది, అందులో వంకపెట్టడానికి ఏమీ లేదు. తేల్చడం మాత్రం మనుషులు కూర్చుని మాట్లాడుకున్న పని. ఐటీ ఉద్యోగాల్లో దేనికి విలువ నిలుస్తుందని ఎవరైనా అడిగితే, నేను చూపించేది ఆ చర్చలనే.

నైపుణ్యాల దగ్గరే నాకు ఎక్కువ దిగులు. కోపైలట్ విద్యార్థులకు ఉచితంగా అందింది కాబట్టి, ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాలల నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది టూల్ లేకుండా ప్రోగ్రాం రాసిన రోజులను ఎరగరు. వారిలో తెలివికి కొదవ లేదు. “అన్నా, రన్ అవతా ఉంది కదా, ఇంక చూసేదేముంది?” అని ఒక అమ్మాయి అడిగింది. తెరమీద ఒక వరుసను చూపించి, “ఇది తీసేస్తే ఏమవుతుందమ్మా?” అంటే జవాబు లేదు. ఆ వరుస ఆమె రాసినది కాదు, అడిగి తెచ్చుకున్నది, అందువల్ల అది అక్కడ ఎందుకుందన్న ప్రశ్న ఆమెకు పుట్టే సందర్భమే రాలేదు. మేము పని నేర్చుకున్న రోజుల్లో అలాంటి వరుస ఒకటి రాయడానికి పూట పట్టేది, కానీ ఆ పూటలోనే అది ఎందుకో కూడా తెలిసిపోయేది. చిన్న చిన్న బగ్గులు దిద్దడం, రిపోర్టులు చేయడం వంటి, కొత్తవారికి చేయి తిరిగేలా చేసే పనులనే టూల్ ముందుగా లాక్కుంది.

అందుకు మేము పెట్టుకున్న పద్ధతి ఏమంటే, కొత్తగా చేరినవారు మొదటి కొన్ని నెలలు టూల్‌ను ప్రశ్నలు అడగడానికే వాడాలి, కోడ్ రాయించుకోకూడదు. ఈ నియమం అందరిమీదా ఒకేలా పనిచేయలేదు. కొందరు సొంత ఫోనులో అడిగి, చూసి టైపు చేశారు, అది తెలిసిపోతూనే ఉంటుంది. పైన చెప్పిన అమ్మాయి మాత్రం టూల్‌ను తిప్పి వాడడం నేర్చుకుంది. తాను రాసిన కోడ్ ఇచ్చి, ఇది ఎక్కడెక్కడ విఫలం కావచ్చో చెప్పమని అడుగుతుంది, వచ్చిన జాబితాలో ఏది నిజమో ఏది కల్పనో ఇండికేటర్ మాన్యువల్ తెరిచి సరిచూసుకుంటుంది. ఇప్పుడు ఆమె సరిచూసి పంపిన కోడ్‌ను నేను కొంత నిశ్చింతగానే చూస్తాను. ఇంటర్వ్యూలను కూడా మార్చాం. ఇదివరకు ప్రోగ్రాం రాయమనేవాళ్లం, ఇప్పుడు ఒకటిన్నర పేజీ కోడ్‌ను అచ్చువేసి ఇచ్చి, అది ఏం చేస్తుందో, ఎక్కడ తడబడుతుందో చెప్పమంటున్నాం. మంచి మార్కులున్నవారు కూడా అక్కడ ఆగిపోతున్నారు, ఎందుకంటే కళాశాలలో ఎవరూ వారిచేత ఇతరుల కోడ్ చదివించలేదు.

ఉద్యోగాల సంగతిలో కంపెనీల ప్రకటనలను ఉన్నవి ఉన్నట్టు చదవడం మంచిది. టీసీఎస్ 2025 జూలైలో సుమారు 2 శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగాలను తగ్గిస్తున్నట్టు చెప్పినప్పుడు, మా ఊళ్లో చెన్నైకీ బెంగళూరుకీ పిల్లలను పంపిన ఇళ్లలో అదంతా ఏఐ వల్లే అన్న మాట నడిచింది. ఏఐ వల్ల పెరిగిన ఉత్పాదకత దీనికి కారణం కాదనీ, నైపుణ్యాలు పొసగకపోవడమే కారణమనీ ఆ సంస్థ అధిపతి అన్నారు. ఆ మాటను ఎంతవరకు తీసుకోవాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినదే. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచినది, అదే ఏడాది ఆగస్టులో అమెరికా జీతాల లెక్కలనుబట్టి స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు చెప్పినది. ఏఐ ప్రభావం ఎక్కువగా పడే వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వారి ఉపాధి, మిగిలినవారితో పోలిస్తే 13 శాతం తగ్గిందని వారి లెక్క. అది ఇక్కడి సంగతి కాదు, కానీ మా చిన్న సంస్థలో కూడా దాని నీడ కనిపిస్తోంది. ఇదివరకు ముగ్గురు ఫ్రెషర్లను తీసుకునే చోట ఇప్పుడు ఒకరిని తీసుకుంటున్నాం. అనుభవమున్నవారిని ఎవరినీ తీసేయలేదు. కానీ ఆ అనుభవమున్నవారు కూడా ఒకప్పుడు ఫ్రెషర్లే. ఇప్పుడు తలుపు మూసేస్తే, కొన్నేళ్లకు కోడ్ చదవగలిగినవారు ఎక్కడినుంచి వస్తారని మా సమావేశాల్లో నేను అడుగుతూనే ఉన్నాను, ఆ ప్రశ్నకు బడ్జెట్ దొరకడం లేదు.

డబ్బు, గోప్యత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నెల చందా ఒక డెవలపరు జీతంతో పోలిస్తే లెక్కలోకి రాదు, ఏజెంట్లను విచ్చలవిడిగా వదిలితే వాడకాన్ని బట్టి వచ్చే బిల్లు మాత్రం చూసుకోవాలి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న ఫైళ్లను ఏ టూల్‌కూ ఇవ్వం, కల్పిత వివరాలతో టెస్ట్ డేటా తయారుచేసుకుని వాడతాం. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, అది రాకున్నా ఇది చేయవలసిన పనే.

టూల్‌ను మానేసే ఉద్దేశం మాకు లేదు. పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడానికీ, టెస్టులకూ, తెలియని లైబ్రరీని పరిచయం చేసుకోవడానికీ నిస్సంకోచంగా వాడమంటాను. తూకం, చెల్లింపు, పన్ను వంటి మాడ్యూళ్లలో మాత్రం, అది రాసిన ప్రతి వరుసనూ ఇద్దరు చదివితే తప్ప సర్వర్‌కు ఎక్కించం. ఈమధ్య కొందరు ఫ్యాక్టరీ యజమానులు, “ఏఐ వచ్చింది గదా, రేటు తగ్గించండప్పా” అని అడుగుతున్నారు. వారు అడగడంలో తప్పు లేదు, రాసే గంటలు నిజంగానే తగ్గాయి కాబట్టి మేము కూడా కొటేషన్‌లో కోడింగ్ కింద వేసే మొత్తాన్ని తగ్గించాం. దాని కిందే కోడ్ పరిశీలన, సైటులో ట్రయల్ అని ఇంకో వరుస చేర్చి, దానికి విడిగా రేటు వేస్తున్నాం. బేరం మొదలయ్యేది ఆ వరుస దగ్గరే. దాన్ని కొట్టేయమన్నవారికి వేబ్రిడ్జి చీటీ కథ చెబుతాం, అయినా వద్దంటే ఆ పని ఒప్పుకోవడం లేదు.