పాత 15 లీటర్ల గీజర్: 12 ఏళ్ల వాడకం తర్వాత, వేడి మీట సంగతి

బయట మీట లేని పాత మోడల్ ఇది. 15 లీటర్లు, 2 కిలోవాట్లు. బెంగళూరులో 12 ఏళ్లుగా ఎక్కువగా బోరు నీళ్లతోనే నడిచింది. ట్యాంకుకు వంక పెట్టలేం. వేడి సర్దుకునే ఏర్పాటు మాత్రం మెకానిక్ కోసం చేసినట్టుంది, ఇంట్లోవాళ్ల కోసం కాదు.

వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కింది మూత లోపల ఉంటుంది. ముందు కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ దించాలి. స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్ మీద కాక న్యూట్రల్ మీద ఉన్న వైరింగు కూడా కనిపిస్తుంది, అప్పుడు స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. మూత విప్పాక టెర్మినళ్లు రెండూ టెస్టర్‌తో చూడాలి. గుండ్రటి ముఖం మీద బాణం గుర్తు, స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటాయి, అదే వేడి మీట. ఒక్కసారికి 5 డిగ్రీల మేర తిప్పి, మూత బిగించి, ఎంసీబీ ఎత్తి, గీజర్ దీపం ఆరేదాకా ఆగాలి. పైపులో చల్లారిన మొదటి రెండు చెంబులు పారబోసి, తర్వాతి నీళ్లలో థర్మామీటర్ పెట్టాలి. జ్వరం చూసేది పనికిరాదు, 42 దాటదు. మీట మీది అంకె నమ్మొద్దు: ఇందులో 60 మీద పెడితే కుళాయి దగ్గర 54 వస్తోంది.

తగ్గిస్తే కరెంటు బాగా ఆదా అనుకుంటారు. లెక్క చూడండి. 20 డిగ్రీల నీళ్లు 60కి కాగడానికి సుమారు 21 నిమిషాలు, 50కి 16. కానీ 60 డిగ్రీల ట్యాంకుకు చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 30 లీటర్లు వస్తాయి, 50 అయితే 22 చిల్లర. రెండో బకెట్‌కి మళ్లీ ఆన్ చేయాల్సిందే. నిజంగా ఆదా అయ్యేది ట్యాంకు గోడల్లోంచి పోయే వేడి మాత్రమే. 45కి దించడం మరీ తప్పు, గోరువెచ్చగా నిలవుండే నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. పైకి పోతే ఇంకో బాధ: 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలో చర్మాన్ని కాలుస్తాయి, సున్నం కూడా త్వరగా పేరుకుంటుంది. కుళాయి దగ్గర 55 సరిపోతుంది.

అసలు చిక్కు ఆ సున్నంతోనే. కాయిల్ మీద పెచ్చు కడితే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, లోపల చిటపట చప్పుడు. మీట పెంచినా లాభం లేదు. థర్మోస్టాట్ కడ్డీ దిగే గొట్టానికి పడితే వేడి ఆలస్యంగా తెలిసి, నీళ్లు హద్దు దాటి కాగుతాయి, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ పడిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, కాయిల్ విప్పి, లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, పొంగు ఆగేదాకా నానబెడితే పెచ్చు వదులుతుంది. వాషర్ కొత్తది వేయకపోతే కారుతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగే మెగ్నీషియం కడ్డీ సన్నబడితే అప్పుడే మార్చేయాలి. బోరు నీళ్లకు ఏటా విప్పడం తప్పదు, కావేరి నీళ్లకు అంత తొందర లేదు.

దీపం ఎంతకీ ఆరక, కుళాయిలోంచి ఆవిరి వస్తే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కున్నట్టే. వెంటనే ఎంసీబీ దించి, అదే కడ్డీ పొడవు, అదే ఆంపియర్ల థర్మోస్టాట్ వేయించాలి. పక్కనున్న కటౌట్ బటన్ నొక్కి మళ్లీ నడిపించొద్దు.